పన్నెండు లైసెన్సులు, పదముగ్గురు మనుషులు

ఆ ఆఫీసులో పై అంతస్తుకు వెళ్ళే మెట్ల కింద ఒక గది ఉంది. కిటికీ లేదు. ఈ గోడ నుంచి ఆ గోడకు నాలుగు అడుగులు. పైకప్పు ఏటవాలుగా దిగుతుంది కాబట్టి లోపలి మూలకు వెళ్ళాలంటే తల వంచాలి. ఒక బల్ల, ఒక కుర్చీ, ఒక ఫోను, ఇనుప అరలో ఒక కంప్యూటరు. ఆ కంప్యూటరు వేడెక్కకూడదని ఏసీ ఎప్పుడూ నడుస్తూ ఉంటుంది. మనిషికి జలుబు చేస్తే చేయనీ. నడి ఎండాకాలంలో కూడా అక్కడ కూర్చునే మనిషి ఒంటి మీద స్వెటరు ఉంటుంది.

అతనికి నలభై ఆరేళ్ళు. ఆఫీసులో లైసెన్స్ బాబాయ్ అంటారు. మొదట వెక్కిరింతకే పెట్టారు. తరవాత అదే పేరైపోయింది.

అది భవనాలకు ప్లాన్లు గీసే ఆఫీసు. హాలులో వరసగా బల్లలు, ఒక్కో బల్ల ముందు ఒక డ్రాఫ్ట్స్‌మన్. గీసే సాఫ్ట్‌వేరును ఎవరు తెరిచినా అది ముందు మెట్ల కింద గదిలోని కంప్యూటరును అడుగుతుంది. అక్కడ లైసెన్స్, అంటే వాడుకునే అనుమతి, ఖాళీగా ఉంటే ఇస్తుంది, సాఫ్ట్‌వేరు తెరుచుకుంటుంది. మూసేస్తే ఆ లైసెన్స్ వెనక్కి వచ్చి ఇంకొకరికి పనికొస్తుంది. ఆ కంప్యూటరును సర్వర్ అంటారు. అది పలకకపోతే హాలంతా చేతులు కట్టుకు కూర్చోవలసిందే.

బాబాయ్ ఆ గదిలో పుట్టలేదు. అతనూ డ్రాఫ్ట్స్‌మనే. మెట్లు గీయడంలో చెయ్యి తిరిగినవాడు. మెట్లు ఎవరైనా గీస్తారనుకుంటారు. ఒక్క మెట్టు వేలెడు ఎత్తు తేడా వచ్చినా ఎక్కేవాడి కాలు తడబడుతుంది, ఎందుకు తడబడిందో వాడికి తెలియదు. బాబాయ్ గీసిన మెట్ల మీద ఎవరూ తడబడలేదు.

తొమ్మిదేళ్ళ కిందట ఒక ఉదయం అందరి తెరల మీదా ఒకే మాట వచ్చింది: సర్వర్ దొరకడం లేదు. దాన్ని పెట్టినవాడు ఉద్యోగం మానేసి అప్పటికి నెల. ఆఫీసు నడిపే ఇంజనీరు, అందరూ పెద్దాయన అనే మనిషి, ఫోన్ల మీద ఫోన్లు చేస్తున్నాడు. ఊరికే కూర్చోలేక బాబాయ్ మెట్ల కిందకు వెళ్ళి చూశాడు. ఊడ్చేటప్పుడు ఎవరో అరను జరిపినట్టున్నారు, వెనక తీగ ఒకటి సగం ఊడి వేలాడుతోంది. లోపలికి నొక్కాడు. పచ్చ దీపం వెలిగింది. హాలులో చప్పట్లు కొట్టారు.

ఆ చప్పట్లే కొంప ముంచాయి. మర్నాటి నుంచి ఏది ఆగినా అతన్నే పిలిచారు. అతనూ నేర్చుకున్నాడు. ఒకసారి సర్వర్ గడియారం తప్పు తేదీ చూపిస్తే లైసెన్సులన్నీ గడువు దాటాయని మొండికేశాయి. ఇంకోసారి ఏదో అప్‌డేట్ వచ్చి, అడ్డమైనవాళ్ళను రానివ్వకుండా చూసే ఫైర్‌వాల్ సొంతవాళ్ళ దారినే మూసేసింది. అన్నీ సరిచేశాడు. నెల పోయాక పెద్దాయన, "ఎలాగూ సగం రోజు అక్కడే ఉంటున్నావు, బల్ల కూడా అక్కడే వేసుకో" అన్నాడు. హాలులో అతని కుర్చీలో ఇంకొకరు కూర్చున్నారు.

ఇంతవరకూ ఇతరులు చేసింది. తరవాతది అతను చేసుకున్నదే.

లైసెన్సులు పన్నెండు. కొన్నప్పుడు డ్రాఫ్ట్స్‌మన్లు పదిమంది. నాలుగేళ్ళ కిందట పదమూడో మనిషి చేరాడు. చేరిన రోజే అతనికి లైసెన్స్ దొరకలేదు. బాబాయ్ సర్వర్ లాగ్ తెరిచాడు. ఎవరు ఎప్పుడు తీసుకున్నారు, ఎప్పుడు తిరిగిచ్చారు, ఎవరికి లేదన్నారు అన్నీ అందులో వరసగా ఉంటాయి. ఒకాయన సాఫ్ట్‌వేరు తెరిచిపెట్టి పళ్ళ డాక్టరు దగ్గరికి పోయాడు. బాబాయ్ ఆ బల్ల దగ్గరకు వెళ్ళి, డ్రాయింగ్ సేవ్ చేసి, మూశాడు. పదమూడోవాడికి లైసెన్స్ వచ్చింది. రెండు నిమిషాల పని.

ఆ రోజే పెద్దాయనతో చెప్పవలసింది. చెప్పలేదు. అడగలేదు కాబట్టి చెప్పలేదని తనకు తాను చెప్పుకున్నాడు. అసలు సంగతి, కాస్త గర్వంగా అనిపించింది. అప్పటి నుంచి రోజుకు నాలుగుసార్లు హాలులో ఒక చుట్టు. "టీకి వెళ్తున్నారా, కాస్త మూసి వెళ్ళండి." "ఫోను మాట్లాడుతున్నారుగా, ఒక పావుగంట ఇటివ్వండి." "ఊరికే చూడ్డానికైతే కాగితం మీద చూడొచ్చుగా గురువుగారూ." బతిమాలి, బుజ్జగించి, ఒకరి దగ్గర లాగి ఇంకొకరికి పెట్టేవాడు. నాలుగేళ్ళలో ఒక్క ఫిర్యాదు కూడా పెద్దాయన దాకా పోలేదు. పదముగ్గురికి పన్నెండే ఉన్నాయన్న సంగతి హాలులో ఎవరికీ తట్టలేదు.

ఈ ఏడాది ఆసుపత్రి పని వచ్చింది. ఆరు అంతస్తులు. బాబాయ్ స్వెటరు విప్పి చేతి మీద వేసుకుని పెద్దాయన గదికి వెళ్ళాడు.

"మెట్లు నాకివ్వండి సార్."

"నీకా? మరి సర్వర్ ఎవరు చూస్తారయ్యా?"

"ప్రింటింగ్ అక్క నేర్చుకుంటానంది."

పెద్దాయన కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకున్నాడు. "సరే, ఒక వారం చూద్దాం. సోమవారం నుంచి శుక్రవారం దాకా. లైసెన్స్ లేదంటూ నా దగ్గరికి ఒక్కడు రాకూడదు. రాకపోతే మెట్లు నీవి, గది ఆవిడది. వచ్చాడో, నీ గది నీదే. తరవాత నన్ననకు."

"అనను సార్."

ప్రింటింగ్ అక్కంటే పెద్ద పెద్ద కాగితాల మీద ప్లాన్లు అచ్చుతీసే ఆవిడ. యాభై నాలుగేళ్ళు, మోకాళ్ళ నొప్పులు. కూర్చుని చేసే పనైతే ఏదైనా సరేనంది. బాబాయ్ ఆమె కోసం ఒక నోటుబుక్కు రాశాడు. దీపం చూడాలి. దీపం లేకపోతే తీగ చూడాలి. తీగ బాగుంటే సర్వర్ పలుకుతోందో లేదో అడగాలి. పలికితే లైసెన్సులు పంచే ప్రోగ్రాం నడుస్తోందో లేదో చూడాలి. నడుస్తుంటే ఫైర్‌వాల్. అన్నిటికన్నా చివర, అందరి చేతా సేవ్ చేయించాక మాత్రమే, సర్వర్‌ను ఆపి మళ్ళీ మొదలుపెట్టాలి.

అక్క పేజీలు తిప్పింది. "ఇదేంటి తమ్ముడూ, దయ్యాన్ని వదిలించే పుస్తకంలా ఉంది?"

"వరస తప్పకూడదక్కా."

"తప్పితే నన్ను పట్టుకుంటుందా?"

"నన్ను పట్టుకుంది కదా."

అక్క నవ్వింది. "ఇంతేనా? ఇంకేం లేదుగా?"

"ఇంతే."

హాలులో చుట్టు గురించి నోటుబుక్కులో లేదు. రాద్దామని రెండుసార్లు పెన్ను తీశాడు. మనుషుల్ని బతిమాలాలి అని రాయడానికి చెయ్యి రాలేదు.

ఆదివారం బావమరిది వచ్చాడు. ఫోన్లు బాగుచేసే దుకాణం అతనిది. భోజనాల దగ్గర సంగతి విని, "బావా, ఇన్నేళ్ళూ ఊరందరికీ తలుపులు తీశావు, నీ తలుపుకే బయట గడియ. ఇప్పుడైనా తీస్తారంటావా?" అన్నాడు.

"నీ నోట మంచి మాట రాదురా" అంది అతని అక్క, బాబాయ్ భార్య. ఆమె ఒక ఆసుపత్రి ల్యాబులో రక్తం తీసే పని చేస్తుంది. తమ్ముడు వెళ్ళిపోయాక, గిన్నెలు సర్దుతూ, "ఏవండీ, మా దగ్గర రెండో అంతస్తు మలుపులో స్ట్రెచర్ తిరగదు తెలుసా" అంది. "లిఫ్టు ఆగిన రోజు మనిషిని నిలువుగా ఎత్తి తిప్పుతారు. వాళ్ళు అరుస్తారు. నేను రోజూ ఆ మలుపు ఎక్కుతూ, ఎవడు గీశాడో వీడు అనుకుంటాను. మీరు మాత్రం తిట్టించుకోకండి."

"తిట్టించుకోను."

సోమవారం అతను హాలులో కూర్చున్నాడు. కిటికీ పక్క బల్ల. స్వెటరు తేలేదు. అంతస్తుకూ అంతస్తుకూ మధ్య మూడు మీటర్ల అరవై సెంటీమీటర్లు. మెట్టు ఎత్తు పదిహేను సెంటీమీటర్లు. ఇరవై నాలుగు మెట్లు, పన్నెండు ఎక్కాక ల్యాండింగ్, అక్కడ మలుపు. తొమ్మిదేళ్ళు గీయని చెయ్యి గంటలో దారికొచ్చింది. ఆ రోజూ మంగళవారమూ ఎవరికీ ఏమీ ఆగలేదు. అక్క గదిలో నుంచి ఫోను చేసి, "ఒక్కడూ పిలవడం లేదు తమ్ముడూ, ఇన్నాళ్ళూ ఇదేనా నువ్వు చేసింది?" అని ఎద్దేవా చేసింది.

ఎందుకు ఆగలేదో అతనికి తెలుసు. ఒకాయన సైటుకు పోయాడు. ఆ పదమూడోవాడు జ్వరంతో ఇంట్లో పడుకున్నాడు. మిగిలింది పదకొండుమంది, తనతో పన్నెండు. తెలిసి కూడా దాని గురించి ఆలోచించలేదు. ల్యాండింగ్ గురించి ఆలోచించాడు. స్ట్రెచర్ పొడవు తీసుకుని, మూల చుట్టూ తిప్పి చూశాడు. గోడకు తగులుతోంది. గోడ ఇరవై సెంటీమీటర్లు వెనక్కి జరిగితే తిరుగుతుంది.

బుధవారం ఉదయం సైటుకు పోయినాయన తిరిగొచ్చాడు. బూట్లకింకా సిమెంటు ఉంది. పునాది డ్రాయింగులో ఒక తప్పు సాయంత్రంలోపు దిద్ది పంపాలి, తెల్లవారితే కాంక్రీటు పోస్తారు. సాఫ్ట్‌వేరు తెరిచాడు. లైసెన్స్ లేదంది.

అక్క నోటుబుక్కు తీసింది. దీపం వెలుగుతోంది. తీగ బిగుతుగా ఉంది. సర్వర్ పలుకుతోంది. ప్రోగ్రాం నడుస్తోంది. ఫైర్‌వాల్ తెరిచే ఉంది. అరగంట పట్టింది. సైటాయన మళ్ళీ ఫోను చేశాడు. "అక్కా, కాంక్రీటు లారీ ఆగదక్కా, నేనాగుతాను గానీ."

అక్క బాబాయ్‌ని పిలిచింది. అతను తలుపు తీసేసరికి ఆమె వేలు చివరి పేజీ మీద ఉంది. "ఆపి మళ్ళీ మొదలెట్టనా?"

"వద్దక్కా! అందరివీ ఊడిపోతాయి."

"అయితే నువ్వే చూడు." కుర్చీ పక్కకు లాగింది. లాగ్ తెరిచే ఉంది. ఆమె కళ్ళు చిన్నవి చేసి తెర మీది పేర్లు ఒక్కొక్కటే లెక్కపెట్టింది. పన్నెండు దగ్గర ఆగింది. "ఏదీ పాడవలేదు తమ్ముడూ. అన్నీ వాడుకలో ఉన్నాయి. ఈ పన్నెండోది నీ కంప్యూటరే."

అతను తల ఊపాడు.

"మరి ఇన్నేళ్ళూ ఎలా సరిపోయాయి?"

చెప్పాడు. అక్క నోటుబుక్కు మూసింది.

"ఇది ఇందులో రాయలేదేం?"

"సిగ్గేసిందక్కా."

"నాకు చెప్పడానికి సిగ్గేసి, నా నెత్తిన పెట్టడానికి సిగ్గెయ్యలేదా? మనుషుల్ని కుర్చీల్లోంచి లేపడం నా వల్ల కాదయ్యా. నన్ను నేను లేపుకోవడానికే దేవుడు కనబడుతున్నాడు." గొంతు తగ్గించి అంది. "వెళ్ళి పెద్దాయనకి ఉన్నదున్నట్టు చెప్పు. ఇంకో రెండు తెప్పించమను. తీరిపోతుంది."

అడకత్తెరలో పోకచెక్క అంటారు. తన లైసెన్స్ వదిలేస్తే మెట్లు పోతాయి. వదలకపోతే సైటాయన పెద్దాయన గదికి పోతాడు, అప్పుడూ మెట్లు పోతాయి. అక్క చెప్పిందే దారి. అతను మెట్లెక్కి పెద్దాయన గదికి వెళ్ళాడు.

"సార్, లైసెన్సులు పన్నెండే. మనవాళ్ళు పదముగ్గురు. నాతో పద్నాలుగు. ఇంకో రెండు కావాలి."

"పదముగ్గురు ఎప్పట్నుంచి?"

"నాలుగేళ్ళ నుంచి."

"మరి నాలుగేళ్ళూ ఎలా నడిచింది?"

బాబాయ్ చెప్పాడు. చుట్లు, టీలు, పళ్ళ డాక్టరు, ఏదీ దాచలేదు. తిడతాడనుకున్నాడు. తిడితే పడటానికి సిద్ధపడే వచ్చాడు. పెద్దాయన నవ్వాడు. మెచ్చుకునే నవ్వు.

"నువ్వుండగా ఇంకో రెండెందుకయ్యా? నువ్వే ఆ రెండూ."

"సార్, మెట్లు..."

"ఒక్కడు కూడా నా దగ్గరికి రాకూడదన్నాను. వచ్చినవాడివి నువ్వే. నేనేం చెయ్యను చెప్పు?" నిజంగా జాలిపడుతున్నట్టే అన్నాడు. "మెట్లు ఎవరైనా గీస్తారు. ఇది నువ్వు తప్ప ఎవరూ చెయ్యలేరు. వెళ్ళు, సైటాయనకి లైసెన్స్ ఇవ్వు."

సైటాయన అప్పటికే అతని కుర్చీ వెనక నిలబడి ఉన్నాడు. "ఏమనుకోకు బాబాయ్."

"రెండు నిమిషాలు."

బాబాయ్ కూర్చున్నాడు. గోడ జరపడానికి రెండు నిమిషాలు చాలవు, దానితో పాటు తలుపూ దూలమూ జరగాలి. ల్యాండింగ్ పక్కన పెద్ద అక్షరాలతో రాశాడు: ఈ గోడ ఇరవై సెంటీమీటర్లు వెనక్కి, లేకపోతే స్ట్రెచర్ తిరగదు. సేవ్ చేశాడు. మూశాడు. సైటాయన తన బల్లకు పరుగెత్తాడు; హాలు చివర అతని మౌసు టకటకలాడటం వినిపించింది.

ఇంట్లో భార్య ఏమైందని అడగలేదు. అతను ఉతికి మడతపెట్టిన స్వెటరు బయటకు తీయడం చూసింది. "ఆ మలుపు?" అని మాత్రం అంది.

"రాసి పెట్టాను. చూస్తారు."

గురువారం ఉదయం మెట్ల కింద కూర్చుని అతను ఒక నిర్ణయానికి వచ్చాడు. ఇక చుట్లు తిరగడు. ఎవరినీ లేపడు. లేకపోతే లేవని చెప్తాడు, ఎన్నిసార్లు అడిగితే అన్నిసార్లు. పదిమంది పది రోజులు పెద్దాయన తలుపు తడితే ఆ రెండు లైసెన్సులూ అవే వస్తాయి. నాలుగేళ్ళ కిందట చేయవలసిన పని ఇదే. తలుపు మూసుకున్నాడు. పైన ఎవరో మెట్లెక్కుతున్నారు, ఒక్కో అడుగూ అతని నెత్తి మీద నుంచి పోతోంది.

పదకొండింటికి ఫోను మోగింది. జ్వరం తగ్గి వచ్చిన పదమూడోవాడు. గొంతు ఇంకా బొంగురుగా ఉంది.

"బాబాయ్, లైసెన్స్ రావట్లేదు."

"లేవు" అన్నాడు బాబాయ్. మాట సాఫీగానే వచ్చింది. "పన్నెండూ వాడుకలో ఉన్నాయి. పెద్దాయనకి చెప్పు."

"ఆయనకెందుకు బాబాయ్? ఆసుపత్రి మెట్లు నాకిచ్చారు. గోడ జరపాలని నువ్వు రాసింది ప్రింటులో చూశాను. మూడింటికల్లా కాంట్రాక్టరుకి పంపమన్నారు. తెరిస్తేనే కదా జరిపేది?"

"జరపకుండా పంపకు."

"తెరుచుకోకపోతే పాతదే పోతుంది. నేనేం చేసేది?"

బాబాయ్ లాగ్ వైపు చూశాడు. మూడో పేరు గలాయన పొద్దున్నుంచీ ఒక్క గీత గీయలేదు. ఫోనులో ఉండి ఉంటాడు. ఏడో పేరు ఈపాటికి టీకి లేస్తాడు.

"లేవన్నానుగా" అన్నాడు.

"అదేంటి బాబాయ్" అన్నాడు పదమూడోవాడు. అతనికి నిజంగానే అర్థం కాలేదు. "నువ్వున్నావుగా?"

బాబాయ్ రిసీవరు పెట్టలేదు. "ఆగు" అన్నాడు. అప్పటికే బల్ల కింద అతని పాదాలు చెప్పుల కోసం తడుముకుంటున్నాయి.