అవ్వ శ్రుతికి వేసిన మెట్టు

నిరుడు వానలు మొదలైన నెలలో పీలమేడులోని నా గిటార్ తరగతికి ఎస్తేరు వచ్చింది. తిరుప్పూరు బనియన్ల కంపెనీలో కుట్టుపని ఆమెది. ఆదివారం చర్చి తెలుగు ఆరాధనలో గిటార్ వాయిస్తుంది. ఆలస్యాన్ని నేను సహించను; ఆమె రెండు బస్సులు మారి కూడా వేళకు ముందే వచ్చింది.

"మా అవ్వ ఒక్కో చరణానికీ శ్రుతి పెంచుకుంటా పోతాది సార్. నేను వెతికేలోపు చరణమే అయిపోతాది. అందరూ నవ్వుతా ఉండారు."

"ఒకే శ్రుతిలో పాడమనరాదా?"

"మీరు వచ్చి చెప్పండి సార్. నాకు ఇంట్లో కూడు కావాల."

పాట ఎత్తే హక్కు పెద్దావిడది, వాద్యం ఆమె వెనుక నడవాలి: అది ఆ సంఘం ఆచారం. కోతపండుగనాడూ తడబడితే ఎస్తేరును మానిపించి కీబోర్డు వాద్యగాణ్ణి పిలుస్తామని సంఘపెద్ద చెప్పేశాడట.

ఫోనులో పట్టుకొచ్చిన పాట విన్నాను. అవ్వ ఇష్టం వచ్చినట్టు పోవడం లేదు. ప్రతిసారీ సరిగ్గా రెండు ఫ్రెట్ల ఎత్తు, అంటే గిటార్ మెడ మీద రెండు గళ్ళు. సి శ్రుతి నుంచి డికి, డి నుంచి ఈకి. క్రమమున్నచోట ఉపాయముంటుంది.

చరణాల నడుమ వాయించడానికి జి డిమినిష్డ్ సెవెన్త్ కార్డును, అంటే కలిసి మోగే నాలుగు స్వరాల గుత్తిని, సి షార్ప్ మీద నిలిపి చూపించాను. ఇటువంటిదాన్ని స్లాష్ కార్డు అంటాం: వాలుగీతకు ముందు రాసేది కార్డు పేరు, తర్వాత రాసేది అడుగున మోగే స్వరం. ఐదో తీగపై అడుగుస్వరం మూడో ఫ్రెట్‌లో సి, నాలుగులో సి షార్ప్, ఐదులో డి. మెట్టు తర్వాత మెట్టు. తర్వాతి చరణానికి అదే పట్టును రెండు ఫ్రెట్లు పైకి జరిపితే చాలు.

ఎస్తేరు ముఖం చిట్లించింది. "తప్పు వాయించినట్టు ఉండాది సార్."

"ఇందులో స్వరాలన్నీ సమదూరంలో ఉంటాయి గనుక చెవికి నిలకడ దొరకదు. అది దాటడానికే, ఉండటానికి కాదు."

"మా మామ మాదిరి. పెండ్లిలో ఒక గడియ ఉంటే సరి."

నేను నవ్వలేదు, ఆమె వెళ్ళాక నవ్వాను.

కోతపండుగకు నేనూ వెళ్ళాను. మొదటి చరణం ముగిసింది. అవ్వ నోరు తెరవబోతుండగా ఎస్తేరు ఆ కార్డు మోగించి, వదలకుండా పట్టుకుంది. అవ్వ ఒక్క క్షణం ఆగి మనవరాలి వైపు చూసి, నేరుగా డిలో ఎత్తుకుంది. గిటార్ అక్కడే ఉంది. రెండో చరణం అయ్యాక అవ్వే ఆ కార్డు కోసం ఆగింది.

బయట అవ్వ అడిగింది: "ఏమి పిల్లా, నన్నే వాకిట్లో నిలబెడితివే?"

"నిలిస్తివి కదవ్వా."

"తలుపు తీస్తివని నిలిస్తి."

కీబోర్డు మాట సంఘపెద్ద మళ్ళీ ఎత్తలేదు. నేను మాత్రం ఆనాటి నుంచి డిమినిష్డ్ కార్డును ఒంటిగా నేర్పడం మానుకున్నాను. ఎక్కడి నుంచి వస్తున్నారో, ఎక్కడికి పోవాలో చెప్పాకే శిష్యులు దాని మీద వేలు పెట్టాలి.