ఎదురుగా కూర్చున్న మనిషి ఎడమ కన్ను

రెండు వేల దశకం మధ్యలో నేను విజయవాడ వన్ టౌన్‌లోని ఒక కంటి ఆసుపత్రిలో ఇన్సూరెన్స్ డెస్కు చూసేదాన్ని. ఆపరేషన్‌కి ముందు ఇన్సూరెన్స్ వాళ్ళ అనుమతి తెప్పించడం నా పని. కంప్యూటర్‌లో ఆపరేషన్ కోడ్ కొట్టి, పక్కన కుడి కన్నయితే ఆర్.టి., ఎడమ కన్నయితే ఎల్.టి. అని రెండక్షరాలు చేర్చాలి. అందులో తప్పు పోయేదేముందనుకునేదాన్ని.

ఆ రోజు కైకలూరు వైపు నుంచి వచ్చిన ఒక మామ్మగారికి కుడి కంటి శుక్లం ఆపరేషన్. కొల్లేట్లో చేపలు పట్టే కుటుంబం. కొడుకు ఆటోనగర్‌లో ఒక కంపెనీలో పనిచేస్తాడు, ఆ ఇన్సూరెన్స్ తల్లికీ ఉంది. ఎడమ కంటికి మూడు నెలల కిందటే మా దగ్గరే చేశారు. పదకొండింటికి థియేటర్‌లోకి తీసుకెళ్ళాలని చుక్కల మందు వేసి, నా డెస్కు ఎదుట బెంచీ మీద కూర్చోబెట్టారు. పది దాటాక ఇన్సూరెన్స్ వాళ్ళ ఫ్యాక్స్ వచ్చింది. కుడి కంటికి ఇదివరకే ఆపరేషన్ అయిందట, మళ్ళీ అనుమతి ఇవ్వరట.

పాత ఫైలు తీశాను. డాక్టరుగారి కాగితంలో ఎడమ అనే ఉంది. అప్పుడు నేను పంపినదాంట్లో ఆర్.టి. ఉంది. ఆపరేషన్ చెయ్యాల్సిన కంటి పైన నొసట ప్లాస్టర్ ముక్క అంటిస్తారు. మూడు నెలల కిందట నేను కాగితం తిప్పి చూడకుండా, ఎదురుగా కూర్చున్న ఆమె నొసటి ప్లాస్టర్ చూసి కొట్టేశాను. అది నా కుడి చేతి వైపు కనిపించింది. ఆమెకది ఎడమ.

మా సీనియర్ వచ్చి ఫ్యాక్స్ చదివి, గొంతు తగ్గించారు.

"ఎడమ అని పెట్టెయ్యమ్మా. వాళ్ళ రికార్డులో ఆ కన్ను ఇంకా అవలేదు. రెండూ అయిపోతాయి, ఎవరికీ తెలీదు."

ఎల్.టి. కొట్టాను కూడా. పంపబోతుంటే గుర్తొచ్చింది, ఆ అనుమతి కాగితమే ఫైలు పైన పెట్టి థియేటర్‌లోకి పంపుతారు. లోపల ఎవరైనా దాన్నే చూసి, బాగైన కంటి జోలికి వెళితే? ఆ మాటే అన్నాను. లోపల డాక్టరుగారుంటారు కదా అన్నారాయన. ఉంటారు. ఆనాడు నా చేతిలోనూ ఆయన కాగితం ఉంది, అయినా తప్పే కొట్టాను.

కొట్టింది చెరిపేసి, రెండు ఫైళ్ళూ పట్టుకుని థియేటర్ గుమ్మం దగ్గరికి వెళ్ళి డాక్టరుగారికి జరిగింది చెప్పాను. ఆయన నిలబడే రెండు కాగితాలూ చదివారు. తిట్టలేదు. దాంతో ఇంకా భయమేసింది.

"ఇవాళ చెయ్యను. ఆవిడకి నువ్వే చెప్పు," అన్నారు.

బెంచీ మీద ఆమె పక్కన కూర్చుని చెప్పాను.

"నన్నడిగితే చెప్పేదాన్ని గదమ్మా, ఏ కన్నో," అంది.

సెలవు పెట్టి వచ్చిన కొడుకు అందరి ముందూ నన్ను నిలదీశాడు. తల వంచుకుని విన్నాను.

డాక్టరుగారు రాసిచ్చిన సవరణ ఉత్తరం మూడుసార్లు పంపాల్సి వచ్చింది. పదకొండో రోజున అనుమతి వచ్చింది. ఆపరేషన్ బాగానే జరిగింది. కొడుకు మాత్రం వెళ్ళేటప్పుడు నా వైపు చూడలేదు.

నన్ను డెస్కు నుంచి తీసెయ్యమని సీనియర్ అడిగారట. డాక్టరుగారు ఒప్పుకోలేదని నర్సు చెప్పింది.