ఆకాశం కింద అతుకు

కోవిడ్ సద్దుమణిగిన మరుసటి ఏడు. మలేసియాలో కువాలా సెలంగోర్ బస్టాండు వెనక సందులో నా కుట్టు కొట్టు. రబ్బరు ఎస్టేటు బడిలో మూడో క్లాసుతో నన్ను ఆపేసినారు, మిగతా చదువంతా ఈ మిషను మీదే. జాకెట్లు, స్కూలు యూనిఫారాలు, పెళ్ళి హాళ్ళకి కర్టెన్లు నా పని. సినిమా తెర కుట్టమని అంతకుముందు ఎవరూ అడగలేదు, ఆ తర్వాతా అడగలేదు.

అడిగింది ఒక మంగోలియా పిల్ల. పేరు ఒయున్. నా మనవరాలు లత కోలాలంపూర్‌లో సినిమా చదువు చదువుతోంది, ఈ పిల్ల దాని క్లాసుమేటు. ఒయున్ తన దేశం వెళ్ళి ఒక సినిమా తీసుకొచ్చింది. అందులో తల్లి వేషం వాళ్ళమ్మ నరన్‌దే. ఆవిడ నటి కాదు, గొర్రెలు కాసిన మనిషి. కూతుర్ని చూడ్డానికి వచ్చినాది, ఆదివారం విమానానికి వెళ్ళిపోతుంది. తన బొమ్మని ఫోనులో తప్ప ఎక్కడా చూసుకోలేదు. ఆవిడ వెళ్ళేలోపు పెద్ద తెర మీద చూపించాలని పిల్ల పంతం.

కాలేజీలో హాలు దొరకలేదు. మా తెలుగువాళ్ళ సంఘం శనివారం సాయంత్రానికి మైదానం ఇచ్చింది. ప్రొజెక్టరు లత తెచ్చింది. లేనిదల్లా తెర. వెనకటికి వాళ్ళ దేశంలో లారీ మీద ప్రొజెక్టరు పెట్టుకుని బయళ్ళలోకి పోయి, గుడ్డ కట్టి, పశువులు కాసేవాళ్ళకి సినిమాలు చూపించేవారట. తనకీ గుడ్డే చాలు అంది ఒయున్. తయారుగా దొరికే తెర కొనేద్దాం అంది లత. ఒక్క పూటకి తెర కొనడమేటి, నా దగ్గర తెల్ల కాటను తాను ఉండగా?

గుడ్డ వెడల్పుని మేం పన్నా అంటాం. ఏ పన్నా కూడా సినిమా తెరంత ఉండదు, అతకాల్సిందే. కర్టెనుకి పెట్టినట్టే మూడు వరసలు నిలువుగా పక్కపక్కన పెట్టి టాకింగ్ వేసినాను. టాకింగ్ అంటే తర్వాత విప్పేసే లూజు కుట్లు. ట్రయల్ కాకుండా నేను కత్తెర పెట్టను, అందుకని తానుని కొయ్యకుండా మడతలు పెట్టే కుట్టినాను.

శుక్రవారం పొద్దుగూకినాక కొట్టు వెనక గోడకి కట్టి బొమ్మ వేసినారు. నరన్ ముఖం వచ్చినాది. రెండు అతుకుల్లో ఒకటి సరిగ్గా ఆవిడ ముక్కు మీంచి దిగి ముఖాన్ని రెండు చెక్కలు చేసింది. నరన్ స్టూలు మీద కూర్చుని చూస్తోంది. చేత్తో తన ముక్కు తడుముకుంది.

కథ చూస్తారు గానీ అతుకు ఎవరు చూస్తారు, పర్వాలేదు అని ఒయున్ ఇంగ్లీషులో అంటే, లత తమిళమూ తెలుగూ కలిపి నాకు చెప్పింది.

"ఆళ్ళమ్మ చూస్తాది," అన్నాను.

"అమ్మమ్మా, టైం లేదు లా. రేపే షో," అంది లత. మాట చివర "లా" తగిలించడం ఇక్కడివాళ్ళ అలవాటు.

"అందుకే నోరు మూసుకుని రేపు పొద్దున్నే ఆ సినిమా పెట్టు. మొత్తం చూడాల."

మర్నాడు పని మానుకుని లత లాప్‌టాప్‌లో చూసినాను. మాటలు బొత్తిగా తక్కువ. మన సినిమా అయితే ఈపాటికి మూడు పాటలు అయిపోయేవి. మంచు పడి గొర్రెల మందంతా చచ్చిపోతుంది. కొడుకు గుడారం విప్పి లారీకెక్కించి తల్లిని పట్నం అంచుకి తెస్తాడు. ఎక్కడానికి గుర్రం లేదు, అయినా ఆవిడ జీను వదల్దు. ప్రయాణమయ్యేవాళ్ళ వెనక పాలు చల్లడం వాళ్ళ ఆచారం. పట్నంలో ఆవిడ కొట్లో కొన్న పాకెట్టు పాలని గరిటెతో ఆకాశంలోకి చల్లుతుంది. వాళ్ళ సినిమాల్లో ఇలాంటి కథలు చాలా ఉన్నాయట: పశువులు, చలి, పట్నం దారి.

కథతో పాటు ఇంకోటి కూడా చూసినాను. ఏ బొమ్మలో చూసినా ఆకాశమే ఎక్కువ, కింద నేల చీర అంచులా ఉంది. నల్ల దారం ఒకటి లాప్‌టాప్‌కి అడ్డంగా కట్టి, సినిమా మళ్ళీ పెట్టమన్నాను. దారాన్ని పైకీ కిందకీ జరిపినాను. కింది మూడో వంతు దగ్గర, నేలా ఆకాశం కలిసే గీతలో దారం కలిసిపోయింది. అన్నిటా కాదు, చాలావాటిలో. నరన్ ముఖం దగ్గరగా వచ్చినప్పుడు దారం ఆవిడ అంగీ కాలరు మీద పడింది. కాలరు దగ్గర కుట్టు ఉండడం న్యాయమే.

టాకింగ్ అంతా విప్పేసినాను. అప్పుడు పెట్టినాను కత్తెర. పైన నిండు పన్నా, కింద సగం పన్నా, అడ్డంగా ఒకటే అతుకు. ఫ్లాట్ సీమ్ వేసినాను, అంటే అంచులు లోపలికి మడిచి రెండు వరసలు కుట్టి ఇస్త్రీ చేస్తే ఉబ్బు తెలీదు. మిగిలిన సగం పన్నాతో తాడు దూర్చే అంచులు వేసినాను. ఇంకా మిగిలితే తలగడ గలేబులు అయినాయి.

సాయంత్రం సముద్రం గాలి తోస్తున్నా, నాలుగు పక్కలా తాడు లాగి కట్టేసరికి తెర కదల్లేదు. వచ్చినవాళ్ళు ఎక్కువమంది ఎస్టేట్లలో కూలీల లైను ఇళ్ళు వదిలి పట్నం చేరిన ముసలివాళ్ళే. ఆ భాష ఒక్కరికీ రాదు. పాకెట్టు పాలు చల్లే చోట మాత్రం పక్కింటి సూరమ్మ నెమ్మదిగా అంది: "మనమూ లైను ఇల్లు ఒదిలినప్పుడు పొయ్యి మీద నీళ్ళు సల్లే కదా ఒచ్చినాం."

నేను సినిమా చూడలేదు, నరన్‌ని చూసినాను. తన ముఖం తెర నిండా వచ్చినప్పుడు ఆవిడ చెయ్యి ఒళ్ళోనే ఉంది. ముక్కు దగ్గరికి పోలేదు.

అయిపోయినాక ఆవిడ లేచి తెర దగ్గరికి వెళ్ళింది. కళ్ళకి కనబడని అతుకుని వేళ్ళతో వెతికి పట్టుకుంది. ఏదో అంది. ఒయున్ లతకి చెప్పింది, లత నాకు చెప్పింది: "నేను దీని మీదే నిలబడ్డాను అంటోంది అమ్మమ్మా."

తెరని తనే మడిచి తన పెట్టెలో పెట్టుకుంది. మామూలుగా నేను గుడ్డ ఊరికే ఇవ్వను. అది మాత్రం పోనిచ్చినాను.

గుడ్డ మీదికి ఏం రాబోతోందో చూడకుండా అతుకు ఎక్కడో తేల్చకూడదని ఆ పనితో నేర్చుకున్నాను. ఇప్పుడు జాకెట్టు గుడ్డ తెచ్చినా, ముందు చీర తీసి చూపించమంటాను. కొలతలు తీసుకోండి చాలు, టైం లేదు అని విసుక్కునే పెళ్ళికూతుళ్ళకి ఒకటే చెప్తాను: నా కుట్టు మంగోలియా నేలని మోసింది, నీ జాకెట్టు ఎంత?