వనజ పేరు పక్కన పచ్చ చుక్క

"...విజిల్ వస్తే నేనేం జేసేది, దాని నోరు మూస్తనా?" వంటింట్లోంచి ఆరోగ్యమ్మ గొంతు.

"దించేయమంటున్న. పిల్లకు మీటింగ్ ఉన్నది" అన్నాడు ఆంథోని.

"దించితే పప్పు పలుకులు నువ్వే నములు. ముప్ఫై ఏండ్లు ప్లాంట్‌ల మోత ఇన్నవ్, కుక్కర్ మోత ఎక్కువైందా?"

పక్క గదిలో వాళ్ల కూతురు ఆరాధన హెడ్‌సెట్ తీసి బల్ల మీద పెట్టింది. మీటింగ్ పదకొండింటికి. గడియారం పదీ ఇరవై చూపిస్తోంది. లేచి కిటికీ దాకా వెళ్లింది, మంచం దాకా వచ్చింది, మళ్లీ కూర్చుంది. తెరమీద ఎనిమిది పేర్లున్నాయి. ఎనిమిదింటి పక్కనా పచ్చ చుక్కలే. అందులో వనజ పేరు పక్కన ఉన్నది వనజ కాదు.

ఆసుపత్రుల చీటీలు చదివి కంప్యూటర్‌లోకి ఎక్కించే పని వాళ్లది. కంపెనీ హైదరాబాద్‌లో, మనుషులు ఎవరి ఇళ్లలో వాళ్లు. పాల్వంచలో ఉండే ఆరాధన వాళ్లకు టీం లీడర్. వనజది చర్ల అవతల అడవిలో ఊరు. ఊళ్లో సిగ్నల్ బడి వరండాలోనే అందుతుంది కాబట్టి అక్కడే కూర్చుని టైపు చేస్తుంది. తప్పులు అందరికంటే తక్కువ. కానీ బీడీలు చుట్టే తునికాకు కోసే రెండు వారాలు ఆ ఊళ్లో తెల్లవారుజామున ఇంట్లో ఎవరూ ఉండరు. ఆకు కోసి, కట్టలు కట్టి, ఆకు కొనే కల్లంలో అప్పజెప్పేసరికి పదకొండు దాటుతుంది. తొమ్మిదికి పచ్చ చుక్క పడకపోతే గైర్హాజరు. మూడు పడితే ఉద్యోగం లేదు.

ఆ రెండు వారాలు వనజకు వేళ మార్చమని మేనేజర్ రామకృష్ణను ఆరాధన ముందే అడిగింది. "ఎక్కడి నుంచైనా పని అని రాసినం మేడం, ఎప్పుడైనా అని రాయలే" అన్నాడాయన నవ్వుతూ.

ఆ సాయంత్రమే వనజకు ఫోన్ చేసి, సార్‌తో మాట్లాడాను, ఒప్పుకున్నాడు, పన్నెండుకు రా, ఆ మూడు గంటలూ సాయంత్రం కూర్చో అని చెప్పింది. వనజ పనిలో చేరిన రోజు ఆమె పాస్‌వర్డ్ పెట్టించింది తానే. ఆరు రోజులుగా తొమ్మిదికి తన పేరూ, పాత లాప్‌టాప్‌లో వనజ పేరూ తెరుస్తోంది.

ఇందాక రామకృష్ణ ఫోన్ చేశాడు. "వనజ ఐడీ పొద్దున పాల్వంచ నుంచి ఓపెన్ అయితంది. పాస్‌వర్డ్ ఎవరికో ఇచ్చింది. మీటింగ్‌లనే తీసేస్తున్నట్టు చెప్తం. మీకు తెల్వదని ఒక్క మాట అనండి చాలు."

జవాబు కోసం ఆగకుండా ఆయన ఫోన్ పెట్టేశాడు.

ఇప్పుడు ఫోన్ మోగింది. వనజ.

"అక్కా, కల్లం కాడి గుట్ట ఎక్కి మాట్లాడుతున్న. ఇయ్యాల ఆకు మంచిగ దొరికింది. పన్నెండుకు ముందే బడికాడుంట."

"వనజా..."

"సోమారం కదా, మీటింగ్‌ల పది మార్కులకు ఎంత సంతోషమో అడుగుతరు. నాది పది చెప్పు అక్కా. నడుముకైతే రెండే." నవ్వింది. వెనక ఎవరో పిలిచారు. లైన్ తెగింది.

ఆరాధన వెంటనే తిరిగి చేసింది. కలవలేదు. మళ్లీ చేసింది. కలవలేదు. వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"డాడీ, షిఫ్ట్‌కు అవతలోడు రాకపోతే ఏం చేసేటోళ్లు?"

"ఏం జేస్తం, నిలబడేటోళ్లం. జంపయ్య అని ఉండె. నెలకు నాలుగుసార్లు లేటు. వాని పంపుల కాడ నేనే."

"వాడు ఇంట్ల పండుకుంటే ఈయన ఆడ నిలబడుడు" అంది ఆరోగ్యమ్మ. "నేను క్యారేజీ పట్టుకొని గేటు కాడ నిలబడుడు."

"లాగ్‌బుక్కుల ఎవరి పేరు రాసేటోళ్లు డాడీ?"

"నా పేరే. నిలబడ్డది నేనైతే వాని పేరెట్ల రాస్త? ఏదన్న పగిలితే ఎవర్ని అడగాలె?"

ఒకరి బదులు డాడీ నిలబడటం ఆరాధనకు చిన్నప్పటి నుంచీ తెలుసు. ఎవరి పేరు రాశాడన్నది ఎప్పుడూ అడగలేదు.

"ఎందుకమ్మా?" అన్నాడు ఆంథోని. ఆమె అప్పటికే గదిలోకి వెళ్లిపోయింది.

పదకొండు. తెరమీద మేనేజర్‌తో కలిపి ఏడు ముఖాలు, వనజది ఖాళీ గడి. రామకృష్ణ గొంతు సవరించుకున్నాడు. "అందరికీ గుడ్‌మార్నింగ్. ముందు మన సంతోషం మార్కులు. ఆరాధన గారూ, మీతోనే మొదలుపెడదాం. పదికి ఎంత?"

వంటింట్లో కుక్కర్ విజిల్ వేసింది. ఆమె మైకు ఆపలేదు.

"సార్, ఆరు రోజులుగ తొమ్మిదికి వనజ పేరు తెరిచింది నేను. ఆ పిల్లకు తెల్వది. ఆ గైర్హాజర్లు నా పేరు మీద రాసుకోండి. రేపటి సంది ఆకు అయిపోయేదాక నా టీం పన్నెండుకు మొదలైతది."