ఠాణాకు పోని కాగితం

మా పెద్దమ్మ పోయిన నెల మొయినాబాద్‌లో కన్నుమూసింది. పొద్దున నేను పూజ దగ్గర ఉండగా చిన్న తమ్ముడు ఫోన్ చేసి, "పెద్దమ్మ పోయిందే అక్కా" అన్నాడు. చేవెళ్ల నుంచి బస్సులో పోతుంటే ఆమె మంచాన పడ్డ రోజులు గుర్తు రాలేదు. ఏళ్ల కిందటి ఒక మామూలు పొద్దు గుర్తొచ్చింది.

ఆ రోజు చేవెళ్ల మార్కెట్‌లో టమాటాలు కొనుక్కుని ఆమె ఇంటికి వెళ్లాను. వాకిట్లో ముగ్గు ఇంకా తడి ఆరలేదు. పెద్దమ్మ గడప మీద కూర్చుని ఉంది. ఆమె ముందు మెట్టు మీద, పై గదిలో కిరాయికుండే పిల్ల. టాంజానియా నుంచి వచ్చి ఇక్కడి ఇంజినీరింగ్ కాలేజీలో కంప్యూటర్లు చదువుతోంది, పెద్దమ్మ దగ్గర మా మాటా పట్టేసింది. పెద్దమ్మ ఆ పిల్ల సన్నసన్న జడలు ఒక్కొక్కటే విప్పుతోంది.

"ఏం జడలే బిడ్డా ఇవి! ఇప్పుకుంట పోతే నా ఆయుష్షు సాలేటట్టు లేదు."

"జర జల్ది పెద్దమ్మా, కాలేజ్ బస్ పోతది."

"పోతే పోనీ. సగం జడలతోని పోతవా? పిల్లలు బెదురుతరు."

తర్వాత పళ్లెంలో మొక్కజొన్న రవ్వతో వండిన మక్క గట్క పెట్టి పచ్చిపులుసు పోసింది. ఆ పిల్ల ముద్ద చేసి, మధ్యలో బొటనవేలితో గుంట నొక్కి, పులుసు అద్దుకుని తింది. "మా అమ్మ కూడ గిట్లనే వండుతది" అంది. పెద్దమ్మ నా వైపు తిరిగి, "ఇన్నవా? ఊకెనే దూరం దూరం అంటరు" అంది. అంతే ఆ పొద్దు.

మా అమ్మ పోయాక నన్నూ, ఇద్దరు తమ్ముళ్లనూ పెంచింది ఆమే. పిల్లలు లేరు, చదువు లేదు. ఇంటి మీద ఒక గది వేయించి కిరాయికి ఇచ్చేది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల ఆశతో ఊరి చుట్టూ కాలేజీలు లేచిన కాలం అది. ఎవరికైనా గది దొరకడం కష్టమే, ఆ పిల్లకు మరీ కష్టమైంది. ఇల్లుగలవాళ్లు పాస్‌పోర్టు అడిగేవారు, వీసా అడిగేవారు, తేదీలు రెండుసార్లు చూసేవారు. అన్నీ సరిగ్గా ఉంటే, "మా ఇంట్ల పూజలుంటయమ్మా" అనేవారు. పెద్దమ్మ ఏ కాగితమూ చూడలేదు. "తాళం మనిషికిస్తం గాని కాగితానికిస్తమా?" అని చేతిలో పెట్టింది. ఆ మాట విని మేమంతా మురిసిపోయాం.

అయితే వేరే దేశం మనిషి ఇంట్లో దిగితే, ఇరవై నాలుగు గంటల్లో ఇంటి యజమాని ఠాణాలో ఫారం ఇవ్వాలి. ఆ పిల్లే ఫారం తెచ్చి, నింపి, వేలిముద్ర ఎక్కడో చూపించింది. పెద్దమ్మ ముద్ర వేసింది కానీ ఠాణాకు పోలేదు. మా ఇళ్లలో ఆడపిల్ల పేరు ఠాణా పుస్తకంలోకి ఎక్కిందంటే పరువు పోయినట్టే. వచ్చే సంబంధాలు కూడా వెనక్కి పోతాయి. పరాయిపిల్ల అనుకుని ఉంటే ఇచ్చి వచ్చేదేమో. ఫారం బియ్యం డబ్బాలో పెట్టి, "ఇచ్చొచ్చిన బిడ్డా, నీకేం ఫికర్ లేదు" అంది.

ఆ పిల్ల నమ్మింది.

ఏడాది తిరిగాక వీసా పొడిగింపు కోసం సిటీలో ఆఫీసుకు పోయింది. చదువు ఇంకో ఏడాది మిగిలి ఉంది. "ఇన్ని రోజులు ఎక్కడున్నవ్? మా రికార్డులో నీకు ఇల్లే లేదు" అన్నారు. ఇల్లుగలామె వచ్చి, మా ఇంట్లోనే ఉందని రాసిస్తే చూస్తామన్నారు. లేకపోతే దేశం విడిచి పోవాలి. మరునాడు కానిస్టేబుల్ వచ్చి, "అవ్వా, కాగితం ఇయ్యకుంట ఉంచుకున్నవంటే కేసు నీ మీద గూడ అయితది. రేపు ఠాణాకొచ్చి చెప్పు, ఉన్నదా, లేదా" అని వెళ్లాడు.

ఆ పిల్ల చదువు పూర్తి కాకుండానే వెళ్లిపోయింది. ఆ తర్వాత పెద్దమ్మ పై గది ఎవరికీ ఇవ్వలేదు. నేను పోయినప్పుడల్లా ఒకటే అడిగేది: "పెద్దబిడ్డా, నీ పూజల ఆ పిల్ల పేరు గూడ చెప్తున్నవా?" చెప్తూనే ఉన్నాను. ఇప్పుడు రెండు పేర్లు చెప్తున్నాను.

చదువురాని ముసలామె తెలివితక్కువతనం వల్ల పిల్ల బతుకు పాడైందని చుట్టాలంతా అన్నారు. పెద్దమ్మ ఎవరికీ ఎదురు చెప్పలేదు. ఆమె చెప్పకుండా వదిలేసిన మాట నేను చెప్పాలి.

కానిస్టేబుల్ వచ్చి పోయిన సాయంత్రం మేం ముగ్గురం వెళ్లాం. పెద్దమ్మ అప్పటికే ఉతికిన చీర కట్టుకుని కూర్చుంది. "రేపు నేనే పోత. తప్పు నాదని చెప్త. జైల్ల ఏస్తరా? ఏస్తే ఏయనీ, ఈడ తినే బుక్కెడు ఆడ తింట."

"నీకేం ఎరుక పెద్దమ్మా?" అన్నాడు పెద్ద తమ్ముడు. "కేసైతే కోర్టు సుట్టు తిరిగేది మేము. చుట్టపుసూపుగ వచ్చిపోయేది, ఉండలే అని చెప్పు."

"ఏడాది నా చేతి అన్నం తిన్నదిరా."

"అన్నానికి రసీదుంటదా?" అన్నాడు చిన్నవాడు.

పెద్దమ్మ నా వైపు చూసింది. ఇంట్లో పెద్దబిడ్డ మాటే ఆఖరి మాట అని మాకు నేర్పింది ఆమే. పైన ఆ పిల్ల అటూ ఇటూ నడుస్తున్న చప్పుడు మా అందరికీ వినబడుతోంది.

"తమ్ముళ్లు చెప్పినట్టే చెయ్యి పెద్దమ్మా" అన్నాను.

చిన్న తమ్ముడు తెల్లకాగితం మీద రాశాడు, ఆమె వేలు పట్టి ముద్ర వేయించాడు. ఆ సాయంత్రం మేమంతా కలిసి నిర్ణయించింది ఇది: ఆ పిల్ల మా ఇంట్లో ఎన్నడూ ఉండలేదని. పెద్దమ్మ సిరా అంటిన వేలితోనే లేచి, పైకి పంపడానికి పళ్లెంలో అన్నం పెట్టింది.