కిటికీలోంచి విసిరిన బ్యాగు

నాకు నంద్యాలలో ఉద్యోగం వచ్చినప్పుడు గట్టి తోలుసంచి కొనిస్తానని మా బావ మాటిచ్చి ఎగ్గొట్టాడు. గుడ్డసంచిలో పుస్తకాలు కుక్కుకుంటూనే రిటైరయ్యాను.

ఎల్లుండి మనవరాలు సునీత అదే ఊళ్లో ఉద్యోగంలో చేరుతోంది. ఆళ్లగడ్డ నుంచి రోజూ బస్సే. ఆ తోపులాటలో ఎలా నెగ్గుకొస్తుందా అని నాకు బెంగ. ఈ రోజు బ్యాగు కొనడానికి ఇద్దరం నంద్యాల వెళ్లాం. మెరిసేవన్నీ వదిలేసి, పేరూ బొమ్మా లేని బూడిదరంగుది తీసుకుంది. దొంగల కంట పడదట.

తిరుగు బస్సు ఆగగానే సీటు కోసం దాన్ని కిటికీలోంచి లోపలికి విసిరేసింది. నేను కొన్న పుస్తకాలు అందులోనే ఉన్నాయి! మేము ఎక్కేసరికి ఒక భారీ మనిషి దానిమీదే కూర్చుని ఉన్నాడు.

"అన్నా, రోంత లెయ్. నువ్వు కూసుండేది నా బ్యాగు మీద," అంది సునీత.

"యాడమ్మా? నాకు కనపడనే ల్యా!"

"దొంగలకు కనపడకూడదని కొన్న్యా, నీకు గాదు."

ఆయన నవ్వుతూ లేచాడు. బ్యాగు కుట్టు ఒక్కటీ ఊడలేదు, లోపలి పుస్తకాల అట్టలూ నలగలేదు. ఈ పిల్ల నెగ్గుకొస్తుందని నాకు ధైర్యం వచ్చింది. మీ ఊళ్లో సీటుకు ఏం విసురుతారో చెప్పండి.

ఇన్నేళ్లూ నా పుస్తకాల అట్టలు నలిగిన పాపం మాత్రం మా బావ రామసుబ్బయ్యదే.