దొరసానిగారి ఇంగ్లీషు, నా తెలుగు

మా చెల్లెలి మనవరాలు ఇథియోపియాలో ఒక బడిలో లెక్కలు చెప్పడానికి వెళ్ళి మూడు నెలలైంది. తను ఏమడిగినా పిల్లలు ఉలిక్కిపడినట్టు గుక్కెడు గాలి లోపలికి పీల్చి ఊరుకుంటున్నారట, తనంటే భయమేమోనని అది నాలుగు రోజులు కుమిలిపోయిందట, తీరా కనుక్కుంటే అక్కడ అవుననడం అలాగేనట. మొన్న వచ్చిన ఉత్తరంలో ఇది చదివి ఇంట్లో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను గానీ, ఉత్తరం మడిచి పెట్టాక నా మనసు సికింద్రాబాదులో మా బడి గేటు దగ్గరికి వెళ్ళి నిలబడిపోయింది. పరాయి దేశంలో పంతులమ్మ పడే ఇబ్బంది అన్నిసార్లూ నవ్వుతో తీరదని పందొమ్మిదో ఏట చూసినదాన్ని.

నా ఈడు వాళ్ళకు నలభై ఎనిమిదో సంవత్సరం గుర్తుండే ఉంటుంది. నేను కోస్తా నుంచి కొత్తగా వచ్చి, చిలకలగూడలో రైల్వే గుమాస్తాగా ఉన్న మా మేనమామగారింట ఉంటూ, ఆడపిల్లల మిషను బడిలో చిన్న తరగతులకు తెలుగు చెప్పేదాన్ని. బడికి పెద్ద ఒక దొరసానిగారు. స్కాట్లాండు నుంచి వచ్చి ఏడాది కూడా నిండలేదు. తెలుగు నేర్చుకోవాలని ఆవిడకు ఎంత పట్టుదలో, ఆ తెలుగు ఆవిణ్ణి అన్ని తిప్పలు పెట్టేది. గౌరవం ఎవరికివ్వాలో పట్టుబడక బడి కమిటీ పెద్దాయనను "నువ్వు కూర్చో" అనేవారు, పాలవాడి గేదెను "గారు" అని పిలిచేవారు. ఒకసారి జ్వరంతో ఉన్న పిల్లను చూడబోయి, ఆప్యాయంగా బూట్లతోనే వంటింట్లోకి నడిచారు. ఆ తల్లి నవ్వు చెదరనివ్వకుండా మాట్లాడి సాగనంపి, ఆవిడ గుమ్మం దాటగానే బిందెల్లో నీళ్ళు పారబోసి ఇల్లంతా కడుక్కుందట. పిల్లలు చెప్పుకుంటుంటే విని దొరసానిగారు రెండు రోజులు సరిగా భోజనం చేయలేదు.

ఇలాంటి వాటి నుంచి ఆవిణ్ణి గట్టెక్కించే మనిషి మా ఉర్దూ మున్షీగారు. అరవై దాటినవారు, భార్య పోయి ఒంటరిగా కార్ఖానా బస్తీలో ఉండేవారు. తనిఖీకి వచ్చిన అధికారిని దొరసానిగారు కొత్త ఉర్దూలో 'తుమ్' అని పలకరిస్తే, ఆయన కనుబొమలు ముడిపడేలోగా మున్షీగారు సలాం చేసి, మేడంగారి ఉర్దూ ఇంకా పసిబిడ్డ హుజూర్, పసిబిడ్డకు తల్లినైనా మీరనడం రాదు కదా అన్నారు. అధికారి నవ్వేశాడు. ఆ రోజు నుంచి దొరసానిగారికీ మున్షీగారికీ ఒకరంటే ఒకరికి గొప్ప గురి.

ఆ ఎండాకాలం నుంచి బడి పలచబడుతూ వచ్చింది. రజాకార్లకు భయపడి రైలెక్కి బెజవాడ వైపు వెళ్ళిపోయే కుటుంబాలు రోజూ కనిపించేవి. మద్రాసు వచ్చేయమని మిషను వాళ్ళు రాసినా దొరసానిగారు కదల్లేదు. మున్షీగారి చిన్న కొడుకు తండ్రి వద్దన్నా రజాకార్లలో చేరాడు. అప్పటి నుంచి ఆయన ఎవరి ముఖంలోకీ చూసి మాట్లాడటం మానేశారు. సెప్టెంబరులో పోలీసు యాక్షన్ జరిగి సైన్యం ఊళ్ళోకి వచ్చాక భయం పోతుందనుకున్నాం. పోలేదు, అది ఇల్లు మారింది. ఎవరో తలుపులు బాదుతుంటే మున్షీగారు పెరటి దారిన బయటపడి, వానలో తడిసి బడి ఆవరణలో ఉన్న దొరసానిగారి బంగళాకు చేరారు. ఆవిడ ఆయన్ని పుస్తకాల గదిలో ఉంచారు.

రెండో రోజు మధ్యాహ్నం, పిల్లల తల్లిదండ్రులకు తెలుగులో ఉత్తరాలు రాయడానికి నన్ను పిలిపించారు. నేను రాస్తుండగా కర్రలతో పదిహేను మంది గేటు దగ్గరికి వచ్చారు. కాపలావాడు అంతకు ముందే ఊరికి పోయాడు. దొరసానిగారు ముందూ నేను వెనకా తుంపరలో గేటు దాకా నడిచాం. ముందున్న మనిషి కళ్ళు ఏడ్చి ఏడ్చి ఎర్రబడి ఉన్నాయి.

"ఉర్దూ మున్షీ ఈడనే ఉన్నడని తెలిసింది. ఆయన కొడుకు మా ఊర్ల ఇండ్లు కాలవెట్టిండు. మా ఇల్లు సుత పోయింది. బయటికి పంపుమనమ్మా."

నేను ఇంగ్లీషులో చెప్పాను. కంగారులో ఆవిడ నేర్చిన తెలుగంతా ఎటో పోయింది. ఇంగ్లీషులోనే, ఒక్కొక్క మాటా తడబడకుండా, ఆయన నా ఇంట్లోనే ఉన్నారు, ఆయన ఏ తప్పూ చేయలేదు, నేను పంపను అన్నారు. అని నా వైపు చూశారు, చెప్పమన్నట్టు.

మా నాన్నగారు ఊరూరా తిరిగి బైబిలు వాక్యం చెప్పిన మనిషి. అబద్ధమాడితే మా ఇంట్లో ఆ పూట అన్నం ఉండేది కాదు. అయినా ఆ మనిషి వైపు తిరిగి చెప్పాను.

"లేరండి. నిన్ననే పట్నంలో కూతురింటికి వెళ్ళిపోయారు."

అప్పుడు చూశాను, వెనక వరసలో కళ్ళద్దాల కుర్రవాణ్ణి. మా బడిలో ఒక అయిదో తరగతి పిల్లకు అన్నగారు. కంటోన్మెంటు ఆఫీసులో పొద్దస్తమానం ఇంగ్లీషు ఉత్తరాలు టైపు కొట్టే మనిషి. ఆవిడ మాటా విన్నాడు, నా మాటా విన్నాడు. నన్నే చూస్తున్నాడు. ముందున్న మనిషికి అనుమానం వచ్చి అతని వైపు తిరిగాడు.

"ఏందిరా, ఇంగ్లీషుల ఆమె గదే అన్నదా?"

అతను కళ్ళద్దాలు తీసి, చొక్కా అంచుతో తడి తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు. నా చేతుల్లో గేటు ఊచలు చల్లగా ఉన్నాయని ఇప్పటికీ గుర్తు.

"గదే అన్నదన్నా. లేడంట. పోదాం పా."

వాళ్ళు మలుపు తిరిగేదాకా చూసి వెనక్కి తిరిగాను. దొరసానిగారికి సరిగా మాట్లాడటం రాకపోయినా, 'లేరండి' అంటే తెలియనంత తక్కువేమీ కాదు ఆవిడ తెలుగు. నా వైపు చూడకుండా లోపలికి వెళ్ళిపోయారు. మూడు రోజులు పని మాట తప్ప మరో మాట లేదు. ఉద్యోగం పోయినట్టేనని మా మేనమామతో చెప్పుకుని ఏడ్చాను. నాలుగో రోజు ఆవిడ మున్షీగారిని జట్కాలో తన పక్కనే కూర్చోబెట్టుకుని, పట్టపగలు, నిజంగానే పట్నంలో ఆయన కూతురింట దిగబెట్టి వచ్చారు. వచ్చి నన్ను పిలిచారు. కూడబలుక్కున్నట్టుగా తెలుగులోనే చెప్పారు.

"నేను నిజం చెప్పాను. పాపం నీ చేత మోయించాను. నువ్వు ఆ మాట చెప్పినప్పుడు నాకు సంతోషం కలిగింది. మూడు రోజులుగా నేను దేవుణ్ణి క్షమించమని అడుగుతున్నది నా కోసం, నీ కోసం కాదు."

మున్షీగారు మళ్ళీ బడికి రాలేదు. కొడుకు ఏమయ్యాడో తెలియలేదు. దొరసానిగారు మరో రెండేళ్ళుండి వెళ్ళిపోయారు. పరీక్ష ఫలితాల రోజు కళ్ళద్దాల అబ్బాయి గేటు దగ్గర నన్ను ఆపి, మా చెల్లెకు తెలుగుల మార్కులు తక్కువొచ్చినయి, జెర చూడుండ్రి అన్నాడు. అంతకు మించి మా ఇద్దరి మధ్య ఎన్నడూ మాట లేదు. ఇల్లు కాలిపోయిన ఆ మనిషికి మాత్రం నా అబద్ధం ఏ ఊరటా ఇవ్వలేదు. అతని కళ్ళు గుర్తొస్తే నేను చేసింది సగమేననిపిస్తుంది.

పోయిన ఏడు ఆ దారిన వెళ్తూ ఆగాను. బంగళా ఉన్న చోట మూడంతస్తులు లేచాయి. కిటికీల్లోంచి పిల్లల ఇంగ్లీషు ధారాళంగా వినిపించింది. మా కాలంలో ఒక గేటుకు అటూ ఇటూ ఉన్న నలుగురికి నాలుగు రకాల మాట ఉండేది, ఒకరి మాట ఒకరికి చేరాలంటే మధ్యలో ఒక మనిషి ప్రాణం గుప్పిట్లో పెట్టుకుని నిలబడాల్సి వచ్చేది. ఇప్పుడా అవసరం లేదు, మంచిదే. కాపలా మనిషి ఎవరు కావాలని అడిగితే, ఒకప్పుడు ఇక్కడ తెలుగు చెప్పేదాన్నన్నాను. ఇప్పుడు తెలుగు ఎవరూ తీసుకుంటలేరమ్మా అన్నాడు మర్యాదగా. ఉర్దూ సంగతి నేను అడగలేదు.